మన కొండలు లావా గడ్డలు కావు

సంపాదకులకు నమస్కారం.

తూర్పు కనుమల పుట్టుక గురించి మీ జిల్లా పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాం. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో తెలుగులో రాళ్ల గురించి రాసేవాళ్లే తక్కువ, రాసినందుకు సంతోషం. కానీ అందులో రెండు మాటలు అలాగే వదిలేస్తే రేపు బడి పిల్లల ప్రాజెక్టు చార్టుల్లో అవే తిరుగుతాయి. రాయగడ, కొరాపుట్ కొండలు చల్లారిన లావా అన్నది ఒక మాట. ముందు శిలాద్రవం వచ్చి గట్టిపడిందనీ, ఆ తర్వాతెప్పుడో భూమి ఒత్తిడికి మడతలు పడిందనీ అన్నది ఇంకో మాట. మొదటిది పూర్తిగా తప్పు, దిద్దడం తేలిక. రెండోది సగం తప్పు. ఈ ఉత్తరం ముఖ్యంగా దాని గురించే.

లావా సంగతి ముందు తేల్చేద్దాం. భూమి పైకి వచ్చి చల్లారిన శిలాద్రవాన్నే లావా అంటారు. మన దగ్గర ఎక్కడ పడితే అక్కడ కనిపించే కొండలైట్ అసలు శిలాద్రవమే కాదు. అది ఒకనాటి బంకమట్టి, ఇసుక కలిసిన ఒండ్రు. భూమిలో 25, 30 కిలోమీటర్ల లోతుకు దిగి, చాలాచోట్ల 900 డిగ్రీలకు పైగా కాగింది. బంకమట్టిలోని అల్యూమినియం సిల్లిమనైట్, గార్నెట్ ఖనిజాల్లోకి చేరింది. ఒండ్రుతో పాటు పూడిన జీవపదార్థం గ్రాఫైట్ అయింది. 1902లో టి.ఎల్. వాకర్ దీనికి ఈ పేరు పెట్టాడు. పేరు మన ‘కొండ’ నుంచి వచ్చిందనుకునేవాళ్లు ఉన్నారు, కానీ ఆయన పెట్టింది కోందు జనం పేరు మీద. కోణార్క గుడిలో ఎక్కువ భాగం ఈ రాయే. పంచపట్‌మాలి, బాఫ్లిమాలి మీద బాక్సైట్ పేరుకున్నది కూడా ఈ రాయి ఎండకూ వానకూ కుళ్లడం వల్లే. ఇక కొలకతాలోని జాబ్ చార్నక్ సమాధి రాయిని బట్టి థామస్ హాలండ్ పేరు పెట్టిన చార్నకైట్ చాలావరకు శిలాద్రవం నుంచి వచ్చిందే. అయితే అది భూమి లోతుల్లోనే గడ్డకట్టింది. పైనున్న పాతిక కిలోమీటర్ల రాయి కోసుకుపోయాకే దానికి వెలుగు తగిలింది. కాబట్టి ఇవాళ 1,672 మీటర్లున్న దేవమాలి ఆ పాత పర్వతాల శిఖరం కాదు, వాటి అట్టడుగు.

ఇప్పుడు అసలు విషయం. సముద్రపు ఫలకం (కదిలే భూమి పైపెంకు ముక్క) ఖండం కిందికి దూరే చోట ఖండపు అంచున అగ్నిపర్వతాల వరస పుడుతుంది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ అందుకు నేటి ఉదాహరణ. కిందికి దిగే ఫలకం సుమారు 100 కిలోమీటర్ల లోతులో తనలోని నీటిని వదులుతుంది. ఆ నీరు పైనున్న ప్రావారంలోకి (భూమి పైపెంకు కింది పొర, మాంటిల్) చేరి దాని ద్రవీభవన స్థానాన్ని తగ్గిస్తుంది. అంటే అక్కడ వేడి పెరిగి కాదు, నీరు చేరి రాయి కరుగుతుంది. అలా పుట్టిన 1,100, 1,200 డిగ్రీల బసాల్ట్ ద్రవం భూపటలం, అంటే భూమి పైపెంకు, అడుగుకు చేరి కొంత అక్కడే గడ్డకడుతూ, పక్క రాళ్లను కరిగిస్తూ గ్రానైట్ జాతి ద్రవాలను తయారుచేస్తుంది. పైకి కనిపించే అగ్నిపర్వతం ఈ వ్యవస్థకు పొగగొట్టం లాంటిది. పొయ్యి, గిన్నె, అడుగంటిన మాడు అన్నీ కిందే ఉంటాయి. పాత అగ్నిపర్వతమాలలో (కింద మాల అన్నచోటల్లా ఇదే) పొగగొట్టం ఎప్పుడో కొట్టుకుపోయి ఉంటుంది, మనం చూసేది గిన్నె అడుగునే. అందుకే ఫలకాల నెట్టుడుకూ శిలాద్రవానికీ మధ్య ఏం జరిగిందో చదవడానికి నేటి ఆండీస్ కంటే పాత మాలలే అనువు.

ఈ రెండింటిలో ఏది ముందని అడగడం చాలాసార్లు అర్థంలేని ప్రశ్న అవుతుంది, ఎందుకంటే ఒకటి రెండోదానికి దారి తీస్తుంది. రాయి మొత్తం కరగనక్కర్లేదు. ఘనపరిమాణంలో సుమారు 7 శాతం ద్రవం చేరితే చాలు, అది గింజల అంచుల వెంట ఒకదానితో ఒకటి కలిసి పల్చటి పొరలా పరుచుకుంటుంది, రాయి తన బలంలో అధిక భాగం కోల్పోతుంది. చేత్తో పట్టుకుంటే అది ఇంకా గట్టి రాయే. కానీ ఫలకం నెట్టుడుకు లొంగే తీరు మారిపోతుంది, కదలికంతా వచ్చి ఆ మెత్తబడిన పట్టీలోనే పోగవుతుంది. పక్క రాయి నిమ్మళంగా ఉంటుంది. అలా పుట్టిన కదలిక పట్టీని షియర్ జోన్ అంటాం.

అటు నుంచి ఇటు కూడా చూడాలి. నెట్టుడు ద్రవాన్ని పిండుతుంది. తడి గుడ్డను మెలిపెట్టినట్టు, కుదించుకుపోతున్న రాయిలోంచి ద్రవం ఒత్తిడి తక్కువున్న చోటికి జారుకుంటుంది. మడతల మలుపుల్లోకి, గట్టి పొర తెగినచోట ఏర్పడిన సందుల్లోకి, షియర్ జోన్ వంపు తిరిగినచోట తెరుచుకునే ఖాళీల్లోకి చేరుతుంది. ద్రవం వెళ్లిపోయాక మిగిలిన రాయి పొడిబారి మళ్లీ గట్టిపడుతుంది, కదలిక పక్క పట్టీకి మారుతుంది. ఒకే కొండ కోతలో నాలుగైదు తరాల గ్రానైట్ తీగలు ఒకదాన్నొకటి నరుక్కుంటూ కనిపించడానికి ఇదొక కారణం. అవి నాలుగైదు వేర్వేరు యుగాల ఘటనలే కానక్కర్లేదు.

ద్రవం ఏ దారిన పైకొస్తుందన్నది ఒత్తిడుల దిక్కు తేలుస్తుంది. పగులు ఎప్పుడూ అతి తక్కువ ఒత్తిడి ఉన్న దిక్కుకే నోరు తెరుస్తుంది. ఖండాన్ని ఎదురెదురుగా నెడుతున్నప్పుడు అన్నిటికంటే తక్కువది పైనున్న రాతి బరువే. అందువల్ల పగుళ్లు పడుకుని, శిలాద్రవం చాపలు పరిచినట్టు అడ్డపొరలుగా దూరుతుంది, పైకి రావడం కష్టమవుతుంది. ఫలకం ఏటవాలుగా దూరితే ఖండపు అంచు పక్కకు కూడా జారుతుంది, అప్పుడు నిలువు పగుళ్లకు వీలు చిక్కుతుంది. సుమత్రా దీవిలో సుమారు 1,900 కిలోమీటర్ల పొడవున పక్కజారుడు భ్రంశం (రాళ్లు పక్కకు జారే పెద్ద పగులు) అగ్నిపర్వతాల వరస వెంటే నడుస్తుంది. దక్షిణ చిలీలో లికిన్యే–ఒఫ్కి భ్రంశానిదీ అదే దారి. భ్రంశం వల్ల అగ్నిపర్వతాలు అక్కడున్నాయా, అగ్నిపర్వతాల వేడికి పటలం మెత్తబడి భ్రంశం అక్కడ పడిందా అంటే రెండూ నిజమే. ఇది దాటవేత జవాబు కాదు, పైన చెప్పిన రెండు పనులూ కలిసి జరిగితే వచ్చే ఫలితమే ఇది.

ఇక్కడ విద్యార్థులు తరచుగా దాటేసే ప్రశ్న ఒకటుంది. పది కిలోమీటర్ల వెడల్పున గ్రానైట్ గడ్డ దూరితే, అంతకుముందు అక్కడున్న రాయి ఎటుపోయింది? నాలుగు దారులున్నాయి. గోడ రాళ్లు, అంటే గడ్డ చుట్టూ ఉన్న రాళ్లు, పక్కకు కుదించుకుపోవచ్చు, కప్పు పైకి లేవవచ్చు, అడుగు కుంగవచ్చు, కప్పులోంచి బండలు ఊడి ద్రవంలో మునిగిపోవచ్చు. గడ్డ చుట్టూ గోడ రాళ్ల పొరలు ఎంత పల్చబడ్డాయో కొలిచి చూస్తే ఆ ఒక్క కుదింపుతోనే లెక్క సరిపోవడం అరుదు. మిగిలిన చోటంతా కిందికి దిగిన రాయి ఇచ్చినదే. అంటే ప్రతి పెద్ద గ్రానైట్ గడ్డా తన చుట్టూ ఉన్న పటలాన్ని నిలువునా కదిలిస్తుంది. మడతలన్నీ ఫలకం నెట్టుడు వల్లే అని రాసే ముందు గడ్డ అంచు నుంచి దూరం పోతున్నకొద్దీ మడతలు తగ్గుతున్నాయా అని చూడాలి. తగ్గుతుంటే నెట్టింది ఆ గడ్డే.

ముందూ వెనకా తేల్చడానికి చిన్న లెక్క ఒకటి చాలా పనికొస్తుంది. పర్వతాలు పుట్టే చోట రాయి కుదించుకుపోయే వేగం సాధారణంగా కిలోమీటరుకు ఏడాదికి 0.3 మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. రాయి చల్లారే సమయం మందానికి వర్గంలో పెరుగుతుంది, అంటే మందం రెట్టింపైతే సమయం నాలుగు రెట్లు. చల్లటి రాయిలో దూరిన 100 మీటర్ల మందపు శిలాద్రవ పలక గట్టిపడటానికి కొన్ని వందల ఏళ్లు చాలు. 300 ఏళ్లనుకుంటే, ఆలోగా ఆ 100 మీటర్లు ఫలకాల నెట్టుడుకు ఒక సెంటీమీటరు కూడా కుంచించుకుపోవు. అంటే ఆ పలక ద్రవంగా ఉన్నప్పుడు ఫలకాల నెట్టుడు అందులో గుర్తు వేయలేదు. అందులో పొరల వాటం (గింజలు ఒకే దిక్కుకు వరస కట్టిన తీరు) కనిపిస్తే అది ద్రవం పారిన తీరు వల్ల వచ్చినదైనా అయ్యుండాలి, గట్టిపడ్డాక పడినదైనా అయ్యుండాలి. అదే 5 కిలోమీటర్ల మందపు గడ్డ అయితే చల్లారడానికి 8 లక్షల ఏళ్ల స్థాయిలో పడుతుంది. అదే వేగంతో అప్పటికి దాదాపు నాలుగో వంతు కుదించుకుపోతుంది, ఆ గుర్తు గడ్డకట్టకముందే స్ఫటికాల వరసలో పడిపోతుంది. ఇక మూడో సందర్భం మనదే. చుట్టూ ఉన్న రాయే 800, 900 డిగ్రీల వేడిలో ఉంటే వేలెడు మందం గ్రానైట్ తీగ కూడా చల్లారదు, లక్షల ఏళ్లు మెత్తగానే ఉండి ప్రతి నెట్టుడినీ నమోదు చేసుకుంటుంది. ఆండీస్ పైభాగపు గ్రానైట్లకు రాసిన సూత్రాలను తెచ్చి కొరాపుట్ రాళ్లకు అంటించినప్పుడు వచ్చే తప్పుల్లో సగం ఇక్కడ పుట్టేవే.

ఈ లెక్క ఇంకో పాత అపోహను కూడా పడగొట్టింది. కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా పాత ఖండాంచు మాలకు పాఠ్యపుస్తకపు ఉదాహరణ. అక్కడి టువాలమీ గ్రానైట్ సముదాయపు వయసులు సుమారు 9.5 కోట్ల ఏళ్ల నుంచి 8.5 కోట్ల ఏళ్ల దాకా పరుచుకుని ఉన్నాయి. ఒకేసారి వచ్చి చేరిన ద్రవం కోటి ఏళ్లు ద్రవంగా ఉండలేదు. కాబట్టి అది విడతలు విడతలుగా పేరిన గడ్డ. ఒక్కో విడతకూ దానిదైన పొరల వాటం ఉంటుంది, విడతల మధ్య నెట్టుడు దిక్కు మారివుంటే ఆ మార్పూ దొరుకుతుంది. అదే పర్వతమాలలో శిలాద్రవం అన్ని కాలాల్లో ఒకే జోరుతో రాలేదు. దాదాపు 10 కోట్ల నుంచి 8.5 కోట్ల ఏళ్ల మధ్య ఉధృతంగా వచ్చి తర్వాత ఆగిపోయింది. ఎందుకు అన్నదానిపై రెండు పక్షాలున్నాయి. ఖండం కుదించుకుపోయి, కరగడానికి సిద్ధంగా ఉన్న పటలపు రాయి వెనక నుంచి మాల కిందికి నెట్టుకొచ్చిందని ఒక పక్షం. ప్రావారం నుంచి వచ్చే ద్రవమే పెరిగి తగ్గిందని ఇంకో పక్షం. మొదటిదే నిజమైతే ఉధృతి కంటే ముందు కుదింపు కనిపించాలి, గ్రానైట్ ఐసోటోపుల్లో (ఒకే మూలకపు వేర్వేరు బరువుల పరమాణువుల్లో) పాత ఖండపు ముద్ర పెరగాలి. రెండోదైతే ఆ ముద్ర పెద్దగా మారకూడదు. కొన్ని మాలల్లో ఒకటి, కొన్నింట్లో మరొకటి సరిపోతున్నాయి. అన్నిటికీ ఒకే సూత్రం చెప్పే పుస్తకాన్ని మేమైతే అనుమానంగానే చదువుతాం.

రోడ్డు కోత దగ్గర నిలబడి దీన్నంతా ఎలా చూడాలి? ముందు ఫెల్‌స్పార్ అనే లేతరంగు ఖనిజపు గింజలు చూడండి. నలుచదరపు పలకల్లా సొంత ఆకారంతో ఒకే దిక్కుకు వరస కట్టి, ఒకదానిమీదొకటి పెంకుల్లా వాలి, వాటి మధ్య పలుగురాయి గింజ నలగకుండా గుండ్రంగా ఉంటే, ఆ వరస ద్రవంలో ఉన్నప్పుడు కట్టినదే. ఫెల్‌స్పార్ అంచులు చిన్నచిన్న గింజలుగా చితికి, పలుగురాయి రిబ్బన్లలా సాగితే అది గట్టిపడ్డాక పడిన వాటం. ఫెల్‌స్పార్ చితకకుండా పగిలి, చుట్టూ అభ్రకమో క్లోరైటో పట్టివుంటే ఆ కదలిక ఇంకా చల్లబడ్డాక, 450 డిగ్రీల లోపు జరిగినది. మధ్యలో ఒక దశ ఉంది, దాన్ని సూక్ష్మదర్శినిలోనే పట్టగలం. పలుగురాయిలో చదరంగపు గడుల్లాంటి ఉపగింజలుంటే అది గడ్డకట్టిన వెంటనే, ఇంకా 650 డిగ్రీల పైన ఉండగానే నలిగిందని అర్థం. ఒకే బండలో ద్రవంలో కట్టిన వరస, చదరంగపు గడులు, గట్టిపడ్డాక పడిన వాటం ఈ మూడూ వరసగా, ఒకే దిక్కుకు దొరికితేనే శిలాద్రవమూ నెట్టుడూ కలిసి నడిచాయని గట్టిగా చెప్పొచ్చు. గ్రానైట్‌లోని పొరల వాటం దాని అంచును లెక్కచెయ్యకుండా దాటి గోడ రాయిలోకి అదే దిక్కున పోతే ఆ మాటకు ఇంకో సాక్ష్యం. వాటం గడ్డ అంచును అనుసరించి ఉంగరంలా తిరిగితే అది లోపలి పారుడు కావచ్చు, గడ్డ ఉబ్బి గోడను నెట్టడం కావచ్చు.

చార్నకైట్‌తో ఒక చిక్కుంది. తాజా ముఖం నూనె రాసినట్టు ముదురు ఆకుపచ్చగా, గోధుమగా ఉండి పొరలు కంటికి ఆనవు. అదే బండ పైన వానకు తెల్లబారిన వేలిమందం తోలు మీద గార్నెట్, పైరాక్సీన్ గింజల వరస స్పష్టంగా తేలుతుంది. పాలిష్ చేయని కోత పలక మీద నీళ్లు చల్లినా కనిపిస్తుంది. కాబట్టి వాటం కొలవడానికి తోలు ముఖం, వయసుకు నమూనా తీయడానికి తాజా ముఖం చూసుకోవాలి. ఈ రెంటినీ తారుమారు చేయడం చాలామంది చేసే పొరపాటు.

నమూనా తీసేటప్పుడు బండను కొట్టకముందే దాని ముఖం మీద వాలు దిక్కు, వాలు కోణం గీసి బాణం గుర్తు పెట్టాలి. విరిగాక గుర్తుచేసుకుని రాసిన దిక్కు పనికిరాదు. మాగ్నటైట్ ఎక్కువున్న రాయి మీద దిక్సూచి ఆనిస్తే ముల్లు తప్పుతుంది. బండకు మీటరు దూరంలో పట్టుకుని ఇంకోసారి చూడండి, రెండు రీడింగులూ కలవకపోతే ఎండ నీడతో దిక్కు తీయాలి. పల్చని కోత, అంటే 30 మైక్రాన్ల స్లైడు, పొరల వాటానికి లంబంగానూ ఖనిజాల గీతకు సమాంతరంగానూ కోయాలి. ఇష్టమొచ్చిన దిక్కున కోసిన స్లైడులో జారుడు కుడికా ఎడమకా అన్నది తలకిందులుగా కనిపించవచ్చు, అసలు కనిపించకపోనూ వచ్చు. కళాశాలల్లో ముచ్చటగా తయారైన స్లైడులు ఎన్నో ఈ ఒక్క పొరపాటుతో పనికిరాకుండా పోతాయి.

వయసు విషయంలో సూత్రం చిన్నదే. మడతపడిన తీగ ఒకటి, అదే మడతను నరికిన తీగ ఒకటి తీసుకుని రెండింటి వయసూ కడితే నెట్టుడు ఆ మధ్యకాలంలో జరిగినట్టు. ఆచరణలోనే కష్టం. గ్రానైట్ జాతి రాయి 5 నుంచి 8 కిలోలు కావాలి, నల్లని మేఫిక్ రాయి అయితే 20 కిలోలకు పైగా. దాన్ని పావు మిల్లీమీటరు లోపుకు నలిపి, నీటి బల్ల మీద జాడించి, అయస్కాంతంతో వేరుచేసి, బరువు ద్రవంలో ముంచితే అడుగుకు చేరేవాటిలో వయసు కట్టే ఖనిజం జిర్కాన్ ఉంటుంది. వంద, రెండు వందల గింజలు ఏరి ఎపాక్సీ బిళ్లలో పోతపోసి, గింజలు సగానికి అరిగేదాకా పాలిష్ పట్టాలి. ఎలక్ట్రాన్లు తగిలి వెలిగే గింజ లోపలి పొరలను చూపే కాథడోల్యూమినిసెన్స్ చిత్రం తీయకుండా వయసు కట్టే లేజర్ పెట్టకూడదు. ఎందుకంటే మన రాళ్లలో ఒకే గింజకు మూడు వయసులుంటాయి. లోపల పాత గుండె, దాని చుట్టూ శిలాద్రవంలో పెరిగిన పొర, అంచున తర్వాతి వేడికి పట్టిన పొర. 25, 30 మైక్రాన్ల లేజర్ చుక్క రెండు పొరల సరిహద్దు మీద పడితే రెండు వయసుల మిశ్రమం వస్తుంది. ప్రకృతిలో ఎప్పుడూ జరగని ఒక ‘ఘటన’ అలా పుట్టి పత్రాల్లోకి ఎక్కుతుంది. థోరియం–యురేనియం నిష్పత్తి 0.1 కంటే తక్కువైతే అది రూపాంతర జిర్కాన్ (శిలాద్రవంలో కాక తర్వాతి వేడికి పెరిగినది) అనే చిట్కాను కూడా ఇక్కడ గుడ్డిగా వాడకూడదు. 900 డిగ్రీలు దాటిన రాళ్లలో రూపాంతర జిర్కాన్‌కూ ఆ నిష్పత్తి ఎక్కువగానే రావచ్చు. నమూనా కోసం స్టోన్ క్రషర్ దగ్గర కుప్పలోంచి కంకర ఏరుకొచ్చే అలవాటును మాత్రం ఈ క్షణమే మానేయాలి. ఆ కుప్పలో మూడు కొండల రాయి, నాలుగు తీగల రాయి కలిసి ఉంటుంది.

గడ్డ ఎంత లోతులో గట్టిపడిందో చెప్పడానికి హార్న్‌బ్లెండ్ అనే ఖనిజంలోని అల్యూమినియంను కొలుస్తారు. ఒత్తిడి ఒక కిలోబారు పెరిగితే లోతు సుమారు మూడున్నర కిలోమీటర్లు పెరిగినట్టు. కానీ ఈ కొలత పలుగురాయి, రెండు రకాల ఫెల్‌స్పార్లు, బయోటైట్, టైటనైట్, ఇనుము–టైటానియం ఆక్సైడు అన్నీ కలిసి ఉన్న గ్రానైట్‌కే చెల్లుతుంది. పొడి చార్నకైట్‌కు దాన్ని వర్తింపజేసి వచ్చిన అంకె అంకె మాత్రమే.

ఇక మన నేల సంగతి. ఇక్కడ మేము వ్యాసకర్తతోనే కాక, మా తోటివాళ్లలో కొందరితోనూ విభేదిస్తాం. తూర్పు కనుమలంతా ఒకే పాత ఆండీస్ అని రాయడం తొందరపాటు. బస్తర్ క్రేటాన్‌ను (అతి పాత, కదలని ఖండపు ముక్కను) ఆనుకుని జయపురం వైపున్న చార్నకైట్ల మూలం ఆర్కియన్ కాలానిది, 250 కోట్ల ఏళ్లకు పైబడినది. అది ఒక పాత మాల వేళ్లన్న వాదనకు రసాయన ఆధారాలున్నాయి. దక్షిణాన ఒంగోలు ప్రాంతంలో సుమారు 170–172 కోట్ల ఏళ్ల నాటి చార్నకైట్ జాతి శిలాద్రవాలు, ఆ తర్వాత 160 కోట్ల ఏళ్ల ప్రాంతంలో వాటిని కాచిన తీవ్రమైన వేడి ఉన్నాయి. ఖండాంచు మాల అనడానికి అక్కడ కథ బాగా కుదురుతుంది. కానీ సీలేరు షియర్ జోన్‌కు తూర్పున రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, చిలికా దాకా ఉన్న పెద్ద భాగం వేరు. అక్కడ 95 నుంచి 100 కోట్ల ఏళ్ల నాటి చార్నకైట్లు, మెగాక్రిస్ట్ (చాలా పెద్ద గింజల) గ్రానైట్లు, బాలుగాం దగ్గర దాదాపు అంతా ఫెల్‌స్పారే అయిన చిలికా అనార్థొసైట్ ఉన్నాయి. అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతంతో దానికి జత కుదురుతుంది. అక్కడి శిలాద్రవం మాల నుంచి వచ్చిందా, లేక విశాలంగా కాగిన ఖండం తన అడుగును తానే కరిగించుకోగా వచ్చిందా అన్నది ఇంకా చర్చలోనే ఉంది.

ఈ చర్చలో మాల పక్షం చూపే ముఖ్యమైన ఆధారం నయోబియం, టాంటలం, టైటానియం లోటు. సబ్డక్షన్ (ఫలకం కిందికి దూరే చోటి) శిలాద్రవాలకు ఆ లోటు ఉంటుంది, నిజమే. కానీ ఒకనాటి మాల రాయి వంద కోట్ల ఏళ్ల తర్వాత మళ్లీ కరిగినా అదే లోటు ఆ కొత్త గ్రానైట్‌కు వారసత్వంగా వస్తుంది, ముక్కు చూసి తాత ఎవరో చెప్పినట్టు. అది మనవడి ఊరు చెప్పదు. స్ట్రాన్షియం–యిట్రియం నిష్పత్తితో పటలం మందం లెక్కగట్టడానికీ ఇదే హెచ్చరిక. ద్రవం పిండుకుపోగా మిగిలిన పిప్పి రాయికి ఆ సూత్రం వర్తించదు, మన గ్రాన్యులైట్లలో (లోతుల్లో బాగా కాగి మారిన రాళ్లలో) చాలా భాగం పిప్పే. అందుకే రసాయనం కంటే ముందు పొరల వాటం చూడమంటాం. మాల అయితే శిలాద్రవం పటలం గుండా పైకి ప్రయాణించిన దారులు, వాటిని నడిపిన షియర్ జోన్లు ఒక వరసలో దొరకాలి. తనలో తాను కరిగిన ఖండమైతే ద్రవం కదిలిన దూరం తక్కువ. కొండలైట్ పొరల మధ్య తెల్లని, గార్నెట్ చుక్కల లెప్టినైట్ చారలు చారలుగానే నిలిచి, మడతల మలుపుల్లో లావెక్కి కనిపిస్తాయి. రాయగడ చుట్టుపక్కల కోతల్లో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే. ఇక కొరాపుట్ నెఫెలిన్ సయనైట్ గడ్డ షియర్ జోన్ మలుపులో తెరుచుకున్న ఖాళీలో చేరిందన్న వాదన ఉంది. అది మాల శిలాద్రవం కాదు, క్షార జాతిది. కానీ నెట్టుడు చోటిస్తే ద్రవం చేరుతుందన్న మాటకు మనకు దగ్గర్లో అంతకంటే మంచి పాఠం లేదు.

చివరగా, ఈ ఉత్తరానికి ఇంకో కారణం. సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా కొరాపుట్ వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి కోతలు, కొత్తవలస–కిరండోల్ రైలుమార్గపు కోతలు మనకున్న ఉచిత ప్రయోగశాలలు. సుంకి చార్నకైట్ల మీద ప్రపంచ పత్రికల్లో పరిశోధనలు వచ్చాయి. రాళ్లు జారకుండా కోతల మీద సిమెంటు కాంక్రీటు చిమ్మడం అవసరమే, ప్రాణాల కంటే రాళ్లు ఎక్కువ కావు. అయితే గట్టి చార్నకైట్ ముఖం జారే ప్రమాదం లేనిచోట, మూడు నాలుగు మీటర్ల వెడల్పున, గడ్డ అంచూ గోడ రాయీ రెండూ కనిపించేలా ఒక ముఖం వదిలేయమని రోడ్డు పనుల అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. రెండు రాళ్లూ కలిసే గీతే అసలు పేజీ. అది కప్పేశాక అటు గ్రానైట్ ఒక మైలు, ఇటు కొండలైట్ ఒక మైలు కనిపించినా ఏది ఎప్పుడు వచ్చిందో చెప్పలేం. సున్నంతో పేర్లు రాసేవాళ్లు కూడా ఆ గీతను వదిలి పక్కన రాసుకుంటే సంతోషిస్తాం.

పిల్లల్ని తీసుకెళ్లే ఉపాధ్యాయులకు ఒక మాట. వానలు వెళ్లాక, కార్తీకం, మార్గశిరాల్లో కోతలు కడిగినట్టుంటాయి. పొద్దున ఎనిమిది లోపు వాలు ఎండలో పొరల వాటం నీడలతో సహా తేలుతుంది, మధ్యాహ్నం అదే గోడ సాదా నల్లగోడలా ఉంటుంది. సుత్తి ఒకరి చేతిలోనే ఉండాలి, కళ్లద్దాలు లేకుండా కొట్టకూడదు, చార్నకైట్ రవ్వ గాజుపెంకులా ఎగురుతుంది. వాహనాలు వచ్చే వైపు ఎర్రజెండాతో ఒకరిని నిలబెట్టండి.

ఇట్లు,
భూవిజ్ఞానం బోధించే కొందరు,
రాయగడ, కొరాపుట్ జిల్లాలు